క్షయరోగి ఎక్కడ ఉండవలెను?

ఒక యింటిలో ఒకరికి క్షయ సోకినదని డాక్టరు చెప్పినాడనుకొందము. ఆనాటి సాయంకాలము ఆ యింటివారి మనస్సులలో మెదలు మొదటి ప్రశ్న "మందేది?" యన్నది కాదు; "ఈ మనిషిని ఎక్కడ ఉంచుట?" యన్నది. మరునాటినుండి గ్లాసు వేరు, కంచము వేరు, పడక వసారాలో. రోగి పసిబిడ్డ తల్లియైనచో బిడ్డ అమ్మమ్మగారింటికి పోవును. కొత్త కోడలైనచో ఆమెయే పుట్టింటికి పోవును. మేమెరిగిన ఒక కుటుంబమున ఒక పెద్దమ్మగారికి ఈ వ్యాధి వచ్చినది. ఆరు నెలలు మందు మ్రింగినారు, కళ్లె పరీక్షలో క్రిములు లేవని తేలినది, ఒళ్లు తేరుకొన్నది. ఆమె రోగము ఆరు నెలలలో నయమైనది గాని, ఆమె గ్లాసు మాత్రము రెండేండ్లవరకు లోపలికి రాలేదు.

ఆ యింటివారు దుర్మార్గులు కారు. వారికి భయము గలదు. ఆ భయమునకు సమాధానము చెప్పినవారు లేరు. అయితే ఈ ప్రశ్నకు సమాధానము మన పొరుగుననే, మదరాసు నగరమున, ఆరున్నర దశాబ్దములకు పూర్వమే పరిశోధకులు కనుగొనియుండిరి. ఆ కథనే నేడు శ్రోతలకు మనవి చేయ దలచినాము.

1882లో జర్మను శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కోక్ క్షయకు కారణమైన క్రిమిని కనిపెట్టెను. క్రిమి దొరికినది గాని, దానిని చంపు మందు మరి అరువదేండ్లకు గాని దొరకలేదు. ఆ నడిమి కాలమున వైద్యమనగా విశ్రాంతి, మంచిగాలి, బలమైన తిండి. ఈ మూడును ఒక్కచోట దొరకు స్థలమే శానటోరియము. మన రాయలసీమలో మదనపల్లె చెంత 1915లో వెలసిన శానటోరియమునకు ఆరోగ్యవరమని పేరు. ఆ పేరులోనే ఎందరి ఆశ యిమిడియున్నదో ఊహింపవచ్చును. అచ్చటి వైద్యులు రోగులు తమ వాకిటికి వచ్చువరకు కూర్చుండలేదు. డాక్టరు ఫ్రిమాట్ మోలర్ నాయకత్వమున 1950 మొదలు 1955 వరకు మదనపల్లె పట్టణమునందును చుట్టుపట్ల గ్రామములందును జనసామాన్యమునెల్ల పరీక్షించి, వ్యాధి యెంతమందిలో నున్నదో, ఎట్లు వ్యాపించుచున్నదో లెక్కకట్టిరి. గ్రామసీమలలో క్షయనుగూర్చి మన దేశమున జరిగిన తొలి గొప్ప పరిశోధనలలో అది యొకటి.

ఇంతలో మందులు వచ్చినవి. 1943లో స్ట్రెప్టోమైసిన్, పిదప పి.ఏ.ఎస్., 1952లో ఐసోనియాజిడ్. మందులు వచ్చినను చిక్కు తీరలేదు. దేశమునందలి రోగులు లక్షల సంఖ్యలోనుండగా, పడకలు వేల సంఖ్యలో మాత్రమే యుండెను. పడక దొరకువరకు వేచియున్న రోగి ఇంటనే దగ్గుచు, ఇంటనే కృశించుచుండెను. మందు చేతిలోనుండగా పడక లేదని మనిషిని చావనీయవచ్చునా? ఇంటనే మందిచ్చినచో నయమగునా? నయమైనను, ఇరుకు గదిలో ఆతని ప్రక్కన పరుండు బిడ్డల గతి యేమి? ఈ ప్రశ్నలకు ఊహతో బదులు చెప్పుట తేలిక. కాని ఊహ తప్పినచో ప్రాణములు పోవును.

కావున 1956లో మదరాసునందు క్షయ రసాయనచికిత్సా కేంద్రము స్థాపింపబడెను. భారత వైద్య పరిశోధనా మండలి, మదరాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిషు వైద్య పరిశోధనా మండలి, ఈ నాలుగును దానికి చేయూతనిచ్చినవి. డాక్టరు వాలెస్ ఫాక్స్ అను ఆంగ్ల వైద్యుడు దాని తొలి పరిశోధనలను నడిపెను. నగరమునందలి పేద కుటుంబములనుండి 193 మంది రోగులను చేర్చుకొని, వారిని రెండు పక్షములుగా విభజించిరి. ఒక పక్షమువారిని ఏడాదిపాటు శానటోరియములో నుంచిరి. రెండవ పక్షమువారు ఇండ్లయందే యుండిరి. ఉభయులకును మందులొక్కటే: ఐసోనియాజిడ్, పి.ఏ.ఎస్.

ఎవరిని ఏ పక్షమున చేర్చవలెనన్న విషయమును వైద్యుల యిష్టమునకు వదలలేదు. చీట్లు వేసినట్లు యాదృచ్ఛికముగనే నిర్ణయించిరి. వినువారికిది కఠినముగ తోచవచ్చును. కాని ఆలోచించి చూడుడు. వైద్యుడే యెంచినచో, బాగుగా నీరసించినవానిని జాలిచే శానటోరియమునకు పంపును. కొంచెము తేరుకొన్నవానిని ఇంటికి పంపును. ఏడాది గడచిన పిమ్మట ఇంటివారు బాగుపడినారన్నచో, అది ఇంటి మహిమయో, మొదటనే వారి రోగము తేలికైనందువలననో యెవరు చెప్పగలరు? ఉభయ పక్షములును ఆరంభమున సమానముగా నున్నప్పుడే తుదిని కనబడు భేదమునకు అర్థము గలదు. ఏ వైద్యము మేలో నిజముగ నెవరికిని తెలియనప్పుడు చీటి వేయుట అన్యాయము కాదు. తెలియకయే తెలిసినట్లు నటించుట అన్యాయము.

శానటోరియములోని రోగులకు మంచి తిండి, మంచము, విశ్రాంతి, దాదుల సేవ. ఇంటనున్నవారికి ఇరుకు గదులు, చాలని తిండి. పనిపాటలు మానుటకు వీలులేని సంసారము. ఇంటివారికంటె శానటోరియములోని రోగులు బరువెక్కుడుగ పెరిగిరి. ఇంతవరకు అందరును అనుకొన్నట్లే జరిగినది. కాని ఏడాది తుదిని కళ్లెను, ఎక్సురే చిత్రములను పరీక్షింపగా, శానటోరియములోనివారిలో నూటికి 92 మందికిని, ఇంటనున్నవారిలో నూటికి 86 మందికిని వ్యాధి అణగినట్లు తేలెను. ఆస్తి, అన్నము, గాలి, విశ్రాంతి యన్నింటను అంతటి వ్యత్యాసమున్నను, ఫలితమున కనబడిన వ్యత్యాసము స్వల్పము. 1959లో ఈ ఫలితములు ప్రకటితమైనవి. ఐదేండ్లపాటు వారిని కనిపెట్టి చూచినను ఇంటివైద్యము వెనుకబడినట్లు కనబడలేదు.

ఇక రెండవ ప్రశ్న, తల్లి హృదయమున గుచ్చుకొను ప్రశ్న: బిడ్డల మాటేమి? పరిశోధకులు ఉభయ పక్షముల కుటుంబములవారిని కూడ విడువక పరీక్షించుచు వచ్చిరి. రోగి ఏడాది పొడుగున ఇంటనే యున్న కుటుంబములలో క్రొత్తగా వ్యాధి పడినవారు, రోగిని శానటోరియమునకు పంపిన కుటుంబములలోకంటె ఎక్కువగా లేరు. ఇట్లేల జరిగినది? రోగి తనకు క్షయయని తెలిసికొనుటకు ముందే, నెలల తరబడి, ఆ గదిలోనే దగ్గుచు నుండెను. ఇంటివారికి క్రిమి సోకవలసినచో చాలవరకు అప్పుడే సోకినది. మందు మొదలైన పిదప అంటించు శక్తి త్వరగ తగ్గిపోవును. అనగా, మనము రోగిని చూచి భయపడు కాలమునాటికి భయపడవలసిన కాలము చాలవరకు గడచియుండును. ఇంటిలో అపాయకరమైన మనిషి మందు తినుచున్న రోగి కాదు. మందు లేని దగ్గు.

అయితే ఇంటివైద్యమునకు ఒక షరతు గలదు: మందు నిజముగ కడుపులోనికి పోవలెను. పి.ఏ.ఎస్. రుచికి చెడ్డది, కడుపును త్రిప్పునది. దినమునకు గ్రాముల కొలది మ్రింగవలసియుండెను. రెండు నెలలకే దగ్గు తగ్గును, ఒంటికి బలము వచ్చును. "ఇంక మందెందులకు?" అని రోగికి తోచును. తప్పక మ్రింగుచున్నామని చెప్పినవారందరును మ్రింగుచుండలేదని మదరాసు పరిశోధకులు చక్కగ గ్రహించిరి. కావుననే ముందు తెలుపకుండ ఇండ్లకు పోయి మాత్రలు లెక్కించిరి, మూత్రము పరీక్షించి మందు జాడ చూచిరి. ఇది దొంగను పట్టు పని వలె తోచును. కాని ఆ గడప త్రొక్కిన ఆరోగ్య సందర్శకులు చేసిన అసలు పని వేరు. కడుపు త్రిప్పుచున్నదా, కూలికి పోవలసివచ్చి క్లినిక్కుకు రాలేకపోతివా, అత్తగారేమనుచున్నారు, అని అడిగి, చెప్పినది వినిరి. రోగి మందు మానుటకు గల కారణము చాలసార్లు మందులో నుండదు; సంసారములో నుండును. దానిని వినుట కూడ వైద్యములో భాగమే. పిమ్మట అదే కేంద్రము, వారమునకు రెండుమార్లు సిబ్బంది ఎదుటనే మందిచ్చు పద్ధతిని పరీక్షించి, అదియు పనిచేయునని 1964లో ప్రకటించెను. తరువాతి కాలమున ప్రపంచమంతట వ్యాపించిన ప్రత్యక్ష పర్యవేక్షణ పద్ధతికి బీజములలో నిది యొకటి.

మదరాసు పరిశోధన మందును గూర్చి చెప్పినది. మనుష్యులను గూర్చి చెప్పిన పరిశోధన మరియొకటి గలదు. బెంగుళూరులో 1959లో జాతీయ క్షయ సంస్థ వెలసినది. అచ్చటి డాక్టరు బెనర్జీ, ఆండర్సన్‌గారలు తుముకూరు జిల్లా గ్రామములలో క్షయ యున్నట్లు పరీక్షలలో తేలినవారి యిండ్లకు పోయి వారితో మాటలాడించి, 1963లో ఆ ఫలితములు ప్రకటించిరి. పల్లెవారు అజ్ఞానులు, రోగమున్నను గుర్తింపరు, వైద్యునికడకు రారు అని పట్టణముల పెద్దలు అనుచుండెడివారు. విచారింపగా, కళ్లెలో క్రిములున్నవారిలో మిక్కిలి యెక్కువమందికి తమ బాధ తెలియును. దానిని గూర్చి దిగులును గలదు. సగమునకు పైగా వైద్యసహాయము కోరియుండిరి కూడ. వారిలో పెక్కురకు దొరికినది దగ్గుమందు సీసా! లోపము గ్రామస్థుని తెలివిలో లేదు. ఆతడు తట్టిన తలుపు సరిగ తెరచుకొనలేదు. ఈ పరిశోధనల సారమునుండియే 1962లో జాతీయ క్షయ కార్యక్రమము రూపొందెను. రోగిని వెదకుకొనుచు లారీలు త్రిప్పుట ముఖ్యము కాదు, దగ్గుచు తనంతట వచ్చిన రోగిని గౌరవించి కళ్లె పరీక్షించుట ముఖ్యమను నీతి దానికి పునాది.

మదరాసు ఫలితమును కొందరు అపార్థము చేసికొనిరి. తిండి మంచిది కాకున్నను రోగము నయమైనది గనుక తిండితో పనిలేదని భావించిరి. పరిశోధన చెప్పినది అంతవరకు మాత్రము కాదు. మందు సరిగ పడినచో పేదవాని తిండి ఆ నయమగుటకు అడ్డు రాలేదన్నదే దాని మాట. తిండిలేమి మంచిదని కాదు. ఆ మిగిలిన ప్రశ్నకు బదులు ఈ కాలమున వచ్చినది. 2019 మొదలు 2022 వరకు జార్ఖండు రాష్ట్రమున నాలుగు జిల్లాలలో 2,800 మంది రోగుల కుటుంబములను తీసికొని ఒక పరిశోధన జరిగెను. రోగులందరికిని ఆహారమిచ్చిరి, సగము ప్రాంతములలో కుటుంబసభ్యులకు కూడ బియ్యము, పప్పు, విటమినులు నెలనెల ఇచ్చిరి. పదివేలకు పైబడిన ఆ సభ్యులలో, తిండి అందినవారికి క్షయ వచ్చుట నూటికి 39 వంతులు తగ్గినట్లు 2023లో ప్రకటితమైనది. ఇంటివారిని కాపాడునది వసారాలోని వేరు గ్లాసు కాదు, వారి కంచములోని పప్పు. ప్రభుత్వము రోగికి పోషణ నిమిత్తము 2018నుండి నెలకు 500 రూపాయలిచ్చుచు, 2024 నవంబరునుండి దానిని 1,000 రూపాయలకు పెంచినది.

నేడు సామాన్యమైన క్షయకు వైద్యము ఆరు నెలలు. మందులు నాటికంటె మేలైనవి. ఐనను ప్రపంచమునందలి క్షయరోగులలో సుమారు నాల్గవ వంతు మన దేశముననే యున్నారు. శాస్త్రము చేయవలసినదానిలో చాల భాగము చేసినది. మిగిలినది మన యిండ్లలో జరుగవలెను.

మేము శ్రోతలను కోరునది స్వల్పము. రెండు వారములకు మించి దగ్గున్నచో కళ్లె పరీక్ష చేయించుకొనుడు. దగ్గుమందు సీసాతో తృప్తిపడకుడు. ఇంటిలో ఒకరికి వ్యాధి తేలినచో తక్కిన అందరిని, ముఖ్యముగ పసివారిని, పరీక్షకు కొనిపొండు. తొలి వారములలో రోగి నోటికి గుడ్డ అడ్డము పెట్టుకొని దగ్గుట, కిటికీలు తెరచియుంచుట మంచిది. తిన్న కంచమును దాచుకొని పారవేయుటతో పనిలేదు, ఏలయన ఈ క్రిమి గాలివెంట పోవును గాని గ్లాసు వెంట పోదు. వ్యాధి ముదిరినవారిని, రక్తము పడుచున్నవారిని, మందులకు లొంగని క్రిమి గలవారిని ఆసుపత్రికి పంపవలసినదే. తక్కినవారికి ఇల్లే తగిన చోటు. బాగున్నదని తోచినను ఆరు నెలల మందు మాననీయకుడు. మానవలెనని రోగికి తోచిననాడు కోపపడకుడు. ప్రక్కన కూర్చుండి, ఏల తోచినదో అడుగుడు.

రోగి ఎక్కడ ఉండవలెనని మొదట అడిగితిమి. మదరాసు పేటలలోని ఇరుకు గదులు చెప్పిన సమాధానమే మాది: తనవారి మధ్యను ఉండవలెను. పెద్దమ్మగారి గ్లాసు లోపలికి వచ్చిన దినమున ఆమె దానిని కడిగి, తక్కిన గ్లాసుల వరుసలో బోర్లించి, కొంతసేపు అట్లే చూచుచు నిలువబడినారు. ఆ దినము రెండేండ్లకు ముందే రావలసియుండెను. మరియొక యింట అట్లు ఆలస్యము కాకుండునుగాక.