వంజంగి కొండ మీద తెల్లవారుజాము

కొండెక్కాలన్న సరదా తీరడానికి హిమాలయాల దాకా పోనక్కర్లేదు. పాడేరు దగ్గరి వంజంగి కొండ చాలు. పెద్ద శిఖరమేమీ కాదు, మామూలు ఓపికున్నవాళ్లు ఎక్కగలరు. కాకపోతే చీకటితోనే బయల్దేరాలి.

ఎందుకంటారా? శీతకాలపు రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి లోయలోకి జారుతుంది. అందులోని తేమ పొగమంచవుతుంది. పైన కాస్త వెచ్చని గాలి మూతలా కప్పేయడంతో ఆ మంచు అక్కడే నిలిచిపోతుంది. శిఖరం నుంచి చూస్తే అదే మేఘాల సముద్రం! రాత్రి మబ్బు పట్టినా, గాలి గట్టిగా వీచినా ఈ దృశ్యం దక్కకపోవచ్చు. ఎండెక్కితే ఎలాగూ కరిగిపోతుంది.

నవంబరు నుంచి జనవరి దాకా అనువైన కాలం. టార్చిలైటు, స్వెట్టరు, జారని బూట్లు ఉండాలి. సెల్ఫీల కోసం అంచుకు పోవద్దు. తాగేసిన నీళ్ల సీసాలు మాత్రం దయచేసి మీతోనే కిందికి తెచ్చేయండి.