క్షయ కాని క్షయ

ఖమ్మము నుండి భద్రాచలము దాక సాగిన అడవి అంచు గ్రామములలో దగ్గు వారముల తరబడి విడువనిచో ఇంటివారి నోట వచ్చు మాట ఒక్కటే: క్షయ. రొమ్మున నీరు చేరినట్లు ఎక్స్‌రేలో కనబడినచో ఇక సందేహమే మిగులదు. ఆ అనుమానము సహజము. పెక్కుమారులు సత్యము కూడ. కాని క్షయ వేషమున వచ్చు వ్యాధులు మరికొన్ని గలవు. వానిని గుర్తింపనిచో రోగి ఆరు నెలలు తనకు అక్కరలేని మందులు మ్రింగును. అసలు జబ్బు లోలోపల ముదురుచుండును.

ఈ మారువేషమును పసిగట్టుటలో మన తెలుగునాటి వైద్యశాల యొకటి ముందడుగు వేసినది. మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరము క్షయరోగులకై వెలసిన శానిటోరియము. అచ్చటి వైద్యులు ఫ్రిమోట్ మోలర్, బార్టన్ గార్లు 1940లో ఒక వింత ప్రకటించిరి. దగ్గు, జ్వరము, చిక్కిపోవుట, ఎక్స్‌రేలో చుక్కలు, అన్నియు క్షయవలెనే యున్నవి. కఫమున మాత్రము క్షయక్రిములు లేవు, రక్తమున ఇసినోఫిల్ కణములు విపరీతముగా నున్నవి. 1943లో వైన్‌గార్టెన్ అను వైద్యుడు దీనికి ఉష్ణదేశపు ఇసినోఫిలియా అని పేరిడెను. దోమకాటుతో వచ్చు బోదకాలు క్రిమి పిల్లలపై దేహము జరుపు పోరాటమే దీనికి మూలమని తరువాత తేలినది. రాత్రివేళ హెచ్చగు ఈ దగ్గు కొన్ని వారముల మాత్రలతో తగ్గును. రక్తపరీక్ష యొక్కటి చేయించిన గుట్టు బయటపడును.

ఇక బొగ్గు సంగతి. 1871లో డాక్టరు విలియం కింగు ఇల్లందు వద్ద బొగ్గు జాడ కనుగొన్న పిమ్మట ఈ సీమలో గనులు పుట్టి కొత్తగూడెము, మణుగూరు వరకు వ్యాపించినవి. ఏండ్ల తరబడి పీల్చిన ధూళి ఊపిరితిత్తులలో పేరుకొని మచ్చలు వేయును. ఆ మచ్చలను మాన్పు మందు లేదు. ధూళికి దూరమగుటయే మార్గము. ఇచ్చట చిక్కొకటి గలదు: రాతిధూళి పీల్చిన రొమ్మునకు నిజమైన క్షయయు సులభముగా అంటును. కనుక గనిపని చేసినవాడని చెప్పి కఫపరీక్ష మానరాదు.

కొన్నిమారులు రొమ్ములోని జబ్బు రొమ్మున పుట్టదు. అపరిశుభ్రమైన నీటితో లోనికి చేరు అమీబా అను క్రిమి కాలేయమున చీముగడ్డ పెంచును. కల్లు త్రాగువారిలో ఇది హెచ్చని వైద్యులు గమనించిరి. తాటికల్లు, జీలుగుకల్లు ఎరిగిన మన్నెమున ఈ మాట గుర్తుంచుకొనదగినది. గడ్డ పైకి పగిలినచో చీము కుడిరొమ్మున నిండును, లేదా దగ్గుతో చాక్లెట్ రంగున వెలువడును. సకాలమున గుర్తించిన మందుతో నయమగును, ఆలసించిన ప్రాణాపాయము.

వానకాలమున వాగులలో దొరకు ఎండ్రకాయలను గూర్చియు ఒక మాట. మణిపురమున పచ్చి ఎండ్రకాయలు, సగముడికినవి తినుటచే ఊపిరితిత్తుల పురుగు సోకి, తుప్పురంగు కఫము, రొమ్మున నీరు వచ్చినవారు కలరు. వారిలో క్షయరోగులని మందులు తిన్నవారును కలరు. ప్రాజిక్వాంటెల్ అను మందు రెండుమూడు దినములు వాడిన ఈ పురుగు చచ్చును. నిప్పులపై వేసిన ఎండ్రకాయ పెంకు ఎఱ్ఱబారినంతనే లోని కండ ఉడికినట్లు కాదు; బాగుగా ఉడికించి తినుట మేలు.

ఇవన్నియు విని క్షయ మాత్రలు తమంత తాము మానువారుందురేమో యని మాకు భయము గలదు. అట్లు చేయరాదు. మొదట కఫపరీక్ష; మందు మార్చవలెనన్నను, ఆపవలెనన్నను వైద్యుని మాట వినవలెను. అయితే ఆయనకు మన బ్రతుకు తెలియదు. ఏ గనిలో ఎన్నేండ్లు పనిచేసినది, ఏ కల్లు త్రాగినది, ఎండ్రకాయలు ఎట్లు వండి తిన్నది, దగ్గు రాత్రి హెచ్చునా పగలు హెచ్చునా, ఆయన అడుగకున్నను రోగియే చెప్పవలెను.