టీమ్ లీడ్: పేరా, హక్కా?

(యాలాల్‌లో మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)



హైదరాబాదులో కాంట్రాక్టు ప్రోగ్రామర్‌గా పనిచేస్తున్న మన ప్రాంతపు అమ్మాయి ఒకామె అడిగింది: "టీమ్ లీడ్‌గా ఉండమంటున్నారు, ఒప్పుకోనా మేడమ్?"

మన తాండూరు కందిచేలలో కలుపుకు కూలీలను పిలుచుకొచ్చే ఆమెని చూడండి. పని ఆలస్యమైతే రైతు తిట్లు, కూలి తగ్గితే తోటివాళ్ళ తిట్లు, రెండూ ఆమెకే. టీమ్ లీడ్ పరిస్థితీ అంతే.

చట్టంలోనూ ఒక మెలిక ఉంది. 2025 నవంబరులో అమల్లోకొచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, పర్యవేక్షణ పనిచేస్తూ నెలకు 18,000 రూపాయలకు మించి జీతం తీసుకునేవారు 'కార్మికులు' కారు. ఉద్యోగంలోంచి తీసేస్తే కార్మికులకుండే రక్షణ వాళ్ళకుండదు.

అలాగని వద్దనమని చెప్పను. నాయకత్వం మనకూ కావాలి. అయితే ముందే కాగితం మీద రాయించుకోవాలి: పర్మనెంటు చేస్తారా? జీతమెంత పెంచుతారు? గడువు పెట్టేటప్పుడు నా మాట చెల్లుతుందా? ఇవేవీ లేకుండా పేరొక్కటే ఇస్తే, అది అదనపు చాకిరీయే.