పర్యావరణ అర్థశాస్త్రం: మన పిల్లలు చదవదగ్గ చదువు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పై చదువుల గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను కోరారు. మొన్నామధ్య మన సభ్యులొకరు తమ అమ్మాయిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. అమ్మాయి బి.కాం. మంచి మార్కులతో ప్యాసయింది. పర్యావరణ అర్థశాస్త్రంలో ఎం.ఏ. చదువుతానంటోంది. "భాయీసాబ్, చెట్టూ చేమకూ అర్థశాస్త్రమేమిటండీ? ఇది చదివితే ఇల్లు గడుస్తుందా?" అని తండ్రి అడిగారు. ఆనాడు నేను చెప్పిన జవాబునే ఈనాడు మీ ముందు ఉంచుతున్నాను.

మా అబ్బాజాన్ పచ్చితోళ్ల వ్యాపారం చేసేవారు. గోదాములో తోళ్లకు ఉప్పు పట్టించి, మడతలు పెట్టి, లారీల్లో వాణియంబాడికి పంపేవారు. ఉప్పు ఖరీదు, కూలి, లారీ కిరాయి, కమీషను అన్నీ ఆయన ఖాతా పుస్తకంలో పైసలతో సహా ఉండేవి. ఆ ఉప్పు చివరికి ఎక్కడికి పోతుందన్న లెక్క మాత్రం అందులో లేదు. ఇంట్లో మేమెవ్వరం అడగనూ లేదు.

తోళ్లు కడిగినప్పుడు ఆ ఉప్పు నీళ్లలో కలుస్తుంది. ఆ నీళ్లు పాలారు నదిలోకి, పక్క పొలాల్లోకి, బావుల్లోకి చేరాయి. పాలారు పరాయి నది కాదు. కర్ణాటకలో పుట్టి, మన కుప్పం మీదుగా తమిళనాడులోకి పోతుంది. కిలో తోలు తయారీకి సుమారు 35 లీటర్ల నీళ్లు కావాలట. ఉప్పుతోపాటు క్రోమియం వంటి రసాయనాలు కూడా ఆ నీళ్లలో ఉంటాయి.

చివరికి వెల్లూరు పౌరుల సంఘం సుప్రీంకోర్టుకెక్కింది. 1996 ఆగస్టు 28న తీర్పు వచ్చింది. దాదాపు 35,000 హెక్టార్ల భూమి కొంతగానో పూర్తిగానో సాగుకు పనికిరాకుండా పోయిందని ఆ తీర్పులో రాశారు. పాడు చేసినవారే నష్టం భరించాలని కోర్టు చెప్పింది. ఒక్కొక్క కర్మాగారానికి 10,000 రూపాయల జరిమానా వేసింది. నీళ్లు శుద్ధి చేసే ఏర్పాటు లేనివాటిని మూయమంది. ఆ యజమానుల్లో మనవాళ్లు చాలామంది. పనివారిలో అన్ని వర్గాల పేదలూ ఉన్నారు. ఒకవైపు రైతు నష్టపోయాడు, ఇంకోవైపు కూలివాడి పొయ్యి ఆరే పరిస్థితి వచ్చింది.

ఇక్కడే ఈ చదువు అవసరం తెలుస్తుంది. పిగూ అనే ఆంగ్ల ఆర్థికవేత్త 1920లోనే ఒక సంగతి చెప్పాడు. వ్యాపారి చేసే పనివల్ల మూడో మనిషికి నష్టం కలిగి, ఆ నష్టం వ్యాపారి లెక్కలోకి రాకపోతే, సరుకు ధర నిజమైన ధర కాదు. చౌకగా కనిపించిన చెప్పుల జతకు మిగతా డబ్బు రైతు తన బావితో చెల్లిస్తున్నాడన్నమాట. ఆ నష్టాన్ని రూపాయల్లో లెక్క కట్టడం ఎలా? పన్ను వేయాలా, హద్దు పెట్టాలా? ఏది చేస్తే నది బాగుపడుతుంది, పనివాడి బతుకూ నిలుస్తుంది? ఎం.ఏ.లో నేర్పేది ఇదే.

చిన్న కర్మాగారం ఒక్కటే శుద్ధి యంత్రాలు పెట్టుకోలేదు. అందుకే పది మంది కలిసి ఉమ్మడి శుద్ధి కేంద్రాలు కట్టుకున్నారు. అయినా ఉప్పును తీసివేయడం అంత తేలిక కాలేదు. 2025 జనవరి 30న సుప్రీంకోర్టు ఇదే విషయం మీద మరో తీర్పు ఇవ్వవలసి వచ్చింది. ముందే లెక్క తెలిసినవాళ్లు మన మధ్య ఉండి ఉంటే ఇంత దూరం వచ్చేదా?

ఈ చదువులు మనకు అందుబాటులోనే ఉన్నాయి. చెన్నైలో 1993లో స్థాపించిన మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పర్యావరణ అర్థశాస్త్రానికి పేరుపొందింది. ఢిల్లీలోని టెరి స్కూల్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్‌లో సుస్థిర వ్యాపార నిర్వహణ మీద ఎం.బి.ఏ. ఉంది. అడవుల నిర్వహణకు భోపాల్‌లో 1982 నుండి కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. గణితం, గణాంకశాస్త్రం గట్టిగా రావాలి. బి.కాం. పిల్లలు ముందుగానే వాటికి పదును పెట్టుకోవాలి.

ఇక ఉద్యోగాల మాట. ఇంజనీర్లకున్నన్ని ఉన్నాయని నేను మభ్యపెట్టను. కాని 2022-23 నుండి స్టాక్ మార్కెట్‌లో పెద్దవైన 1,000 కంపెనీలు నీరు, కరెంటు, వ్యర్థాల లెక్కలు ఏటా ప్రకటించాలని సెబీ తప్పనిసరి చేసింది. ఆ లెక్క రాసేవారు కావాలి, సరిచూసేవారూ కావాలి. విదేశీ కొనుగోలుదారులు కూడా తోలు ఎలా తయారైందని అడుగుతున్నారు.

తరతరాలుగా ఖాతా పుస్తకం ముందు పెరిగిన పిల్లలు మనవాళ్లు. లెక్క వాళ్లకు కొత్త కాదు. అబ్బాజాన్ పుస్తకంలో ఖాళీగా ఉన్న ఆ ఒక్క పద్దు రాయడం నేర్చుకోవాలి, అంతే. మన సంఘం ఇచ్చే స్కాలర్‌షిప్పుల్లో ఒకటైనా ఈ చదువుకు కేటాయించాలని కార్యవర్గాన్ని మనవి చేస్తున్నాను. ఆ అమ్మాయి తండ్రి సరేనన్నారు. ఫీజు మాత్రం ఇంకా కూడలేదు.