గుడ్డముక్కల కానుకలు

పాత చీరను పారవేయడం మన ఇళ్ళలో ఇటీవల వచ్చిన అలవాటు. ముందటి తరాలవారి చేతిలో నూలుచీరకు మూడు నాలుగు జన్మలు ఉండేవి. కట్టడానికి పనికిరాకపోయిన చీర మొదట పసిపాపలకు పొత్తిగుడ్డ అయ్యేది, ఉయ్యాల అయ్యేది. తరువాత బొంతలో ఒక పొరగా చేరేది. ఆ బొంత కూడా చివికిన తరువాత మసిగుడ్డగా వంటింటికి చేరి, చిట్టచివరకు దీపంలో వత్తిగా వెలిగేది. మొదటిరోజు కొన్న ధర ఎంత అయినా, ఆ ఇంటికి అది ఎంత కాలం పనిచేసినదో లెక్కవేస్తే దానికన్న చవక అయిన వస్తువు మరొకటి కనిపించదు.

ఈ ప్రసంగంలో మనం మాట్లాడుకొనవలసినది ఆ పాతచీరతోను, మిగిలిన గుడ్డముక్కలతోను ఇంట్లోనే కుట్టుకొనగల చిన్న చిన్న వస్తువులను గురించి, ముఖ్యంగా ఒకరికి కానుకగా ఇవ్వదగినవాటిని గురించి. అందుకు నేను సిద్దిపేటను ఉదాహరణగా తీసుకొంటున్నాను. హైదరాబాదుకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరు 2016 అక్టోబరు వరకు మెదక్ జిల్లాలోనిది. ఇప్పుడు తానే ఒక జిల్లాకు కేంద్రం. గుడ్డకు, ఈ ప్రాంతానికి ఉన్న బంధుత్వం చాలా దగ్గరిది. జిల్లాలోని చేర్యాలలో నకాషీ చిత్రకారులు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి పట్టించి, దానిమీద పురాణకథలను బొమ్మలుగా వ్రాస్తారు. దుబ్బాకలో మగ్గాలు ఆడుతున్నవి. ఇక సిద్దిపేట పేరు చెప్పగానే ఎవరికైనా తోచేది గొల్లభామ చీర.

గొల్లభామ అనగానే చేలో ఎగిరే పురుగును తలచుకొనే పిల్లలు కూడా ఉంటారు. ఇక్కడి గొల్లభామ ఆ పురుగు కాదు, నెత్తిన కుండ పెట్టుకొని పాలు, పెరుగు అమ్మబోయే పల్లెపడుచు. ఆమె బొమ్మను అచ్చు వేయరు, కుట్టరు, నేతలోనే నేస్తారు. చీరకు ఉండే మామూలు పేక ఒకటి నడుస్తూ ఉండగానే, బొమ్మకోసం వేరు రంగు పేకను వరుస వరుసకూ ప్రత్యేకంగా చొప్పించాలి. ఏ వరుసలో ఏ పడుగు పోగులు లేవాలో నేతగాడు చూచుకొంటూ, రంగుపోగును చేతితో దూరుస్తూ, మళ్ళీ మామూలు పేక కొట్టి బిగిస్తూ పోవాలి. నడుము ఒక వరుసలో, మెడ మరి కొన్ని వరుసల తరువాత, కుండ ఆ పైన, ఇట్లా అంగుళం అంగుళంగా ఆమె మగ్గం మీద పుట్టుకొని వస్తుంది. భౌగోళిక సూచిక గుర్తింపు పొందిన నేత ఇది. గుర్తింపు వచ్చినది కాని, ఈ బొమ్మను నేయగల చేతులు మాత్రం తక్కువ. ఉన్నవారిలోనూ వయసు మళ్ళినవారే ఎక్కువ. ఎందుకంటే బొమ్మ పడే చీరకు పట్టే కాలానికి తగిన కూలి గిట్టుబాటు కావడం కష్టం.

అట్లాంటి చీరను కత్తెరతో కోయవచ్చునా అని ఎవరైనా అడిగితే నా సమాధానం ఒకటే: కట్టుకొనదగిన చీరను కోయరాదు. సంచి కుట్టడానికి కొత్త గొల్లభామ చీరను ముక్కలు చేసేవారిని చూస్తే, తలగడలో నింపడానికి పూలతోటను కోసినట్టు తోస్తుంది నాకు. చిరిగిన చీర సంగతి వేరు. చీర అంతా ఒకేసారి చివకదు. కూర్చొనేచోట, కుచ్చెళ్ళ అడుగున ముందు పలుచబడుతుంది. బొడ్డు దగ్గర లోపలికి చుట్టుకొనే కొస చాలాకాలం గట్టిగా ఉంటుంది. చీరను కిటికీకి ఎదురుగా పట్టి చూస్తే వెలుతురు ఎక్కడ ఎక్కువగా దిగుతున్నదో అక్కడ గుడ్డ పని అయిపోయినదని గ్రహించవచ్చు. ఆ భాగం బొంతకు, వత్తులకు. గట్టి భాగం సంచులకు.

కోయడానికి ముందు చేయవలసిన పని ఒకటి ఉన్నది. చాలామంది అది విడిచిపెట్టి తరువాత నొచ్చుకొంటారు. గుడ్డ కొత్తది అయితే ఒక రాత్రి చన్నీళ్ళలో నానవేసి, ఉతికి, నీడన ఆరవేయాలి. మగ్గంమీది గంజి అప్పుడు దిగిపోతుంది. ముడుచుకొనవలసినంత ముందే ముడుచుకొంటుంది. రంగు దిగే గుడ్డ అయితే అప్పుడే తెలిసిపోతుంది. గంజి ఉన్న గుడ్డతో కుట్టి పెట్టెలో పెడితే పురుగు పడుతుంది కూడా. ఆరిన తరువాత కత్తెర పట్టేముందు, కోయదలచినచోట ఒక పోగును సూదిమొనతో పైకి తీసి మెల్లగా లాగివేయండి. పోగు పోయినచోట సన్నని గీత ఏర్పడుతుంది. ఆ గీతవెంట కోస్తే గుడ్డ వంకర పోదు. కొలబద్ద, సుద్దముక్క కన్న ఇది నమ్మదగిన పద్ధతి.

బొమ్మ ఉన్న గుడ్డ విషయంలో మరొక జాగ్రత్త. బొమ్మ పోగులు వేరుగా చొప్పించినవి గనుక, బొమ్మ అంచుకు ఆనించి కోస్తే అవి ఊడి వస్తవి. చుట్టూ కనీసం అర అంగుళం విడిచి కోయాలి. కోసిన వెంటనే ఆ అంచును మడిచి కుట్టివేయాలి. రేపు చూద్దామని పెట్టెలో పెడితే రేపటికి గొల్లభామ చేయి ఒకటి పోగులై ఉంటుంది.

ఇప్పుడు తాంబూలపు సంచి. శ్రావణమాసపు పసుపుబొట్టుకు, ఒడిబియ్యానికి, బతుకమ్మనాడు పిలిచిన ముత్తైదువులకు పసుపు, కుంకుమ, ఆకు, వక్క పెట్టి ఇచ్చే సంచి ఇది. కొంతకాలంగా వీటికి ప్లాస్టిక్ సంచులు వాడడం అలవాటైనది. 75 మైక్రాన్ల కన్న పలుచని ప్లాస్టిక్ సంచులను 2021 సెప్టెంబరు 30 నుంచి, 120 మైక్రాన్ల కన్న పలుచనివాటిని 2022 డిసెంబరు 31 నుంచి కేంద్రప్రభుత్వం నిషేధించినది. నిషేధం మాట అట్లా ఉంచి, కుంకుమ ఇవ్వడానికి గుడ్డసంచి తీరే వేరు. ఇంటికి వెళ్ళిన తరువాత ఆమె దానిలో చిల్లర పెట్టుకొంటుంది, గాజులు పెట్టుకొంటుంది, ఇచ్చినవారిని తలచుకొంటుంది.

కాగితం, పెన్సిలు దగ్గర ఉన్నవారు ఈ కొలతలు వ్రాసుకొనవచ్చు. ఏడు అంగుళాల వెడల్పు, పదిన్నర అంగుళాల పొడవు గల ముక్కలు రెండు కావాలి. ఒకే పొడవుముక్కను మధ్యకు మడిస్తే అడుగున కుట్టు తప్పుతుంది కదా అని మీరు అనవచ్చు. సాదాగుడ్డ అయితే అట్లాగే చేయండి. బొమ్మ ఉన్న గుడ్డను మడిస్తే ముందువైపు గొల్లభామ నిలువుగా నిలబడుతుంది, వెనుకవైపు తలక్రిందులై కుండలోని పాలు ఒలకబోస్తుంది. అందుకే రెండు ముక్కలు. రెండింటినీ మంచివైపులు లోపలికి వచ్చేటట్టు ఒకదానిమీద ఒకటి పెట్టి, అడుగున, రెండు ప్రక్కల, అర అంగుళం విడిచి కుట్టాలి. ప్రక్కలను పైదాకా కుట్టరాదు. పైనుంచి మూడున్నర అంగుళాలు విడిచిపెట్టాలి. విడిచినచోటి అంచులను లోపలికి మడిచి సన్నగా కుట్టండి. తరువాత పై అంచును ముందు అర అంగుళం, ఆ మీద ఒకటిన్నర అంగుళం మడిచి, మడత క్రింది అంచువెంట కుడితే, ముందు ఒకటి, వెనుక ఒకటి నాడా గొట్టాలు ఏర్పడతవి. ఇరవై అంగుళాల నాడాలు రెండు తీసుకొని, ఒకటి కుడిప్రక్కనుంచి ఎక్కించి రెండు గొట్టాలలోనూ త్రిప్పి కుడిప్రక్కకే తీసి ముడివేయాలి. రెండవది ఎడమప్రక్కనుంచి అట్లాగే. రెండు ముడులనూ పట్టి చెరొకవైపు లాగితే సంచి మూతి ముడుచుకొంటుంది. తయారైన సంచి ఆరు అంగుళాల వెడల్పు, ఎనిమిది అంగుళాల ఎత్తు ఉంటుంది. నలభైయైదు అంగుళాల పన్నా గల సాదాగుడ్డ ఒక మీటరు ఉంటే ఇరవై ముక్కలు, అనగా పది సంచులు వస్తవి.

కుట్టు మిషనుమీద అయినా, చేతితో అయినా సరే. చేతితో అయితే ప్రక్కలకు, అడుగుకు వెనుకకుట్టు వేయండి; ముందుకు రెండు అడుగులు, వెనుకకు ఒక అడుగు వేసే ఆ కుట్టు బరువుకు తెగదు. దారం రెండు పేటలుగా, మూరెడుకు మించకుండా ఎక్కించుకోవాలి. దారం పొడవైతే పని తొందరగా సాగుతుందని అనిపిస్తుంది కాని, ముడులు విప్పుకొనడానికే సగం పొద్దు పోతుంది.

సంచికి లోపల అస్తరు వేయదలచినవారికి గుడ్డ కొనవలసిన పని లేదు. ప్రతి ఇంటి పెట్టెలోను రవికెగుడ్డలు ఉంటవి. ఒకరు పెట్టినది మరొకరికి పెట్టి, ఆమె ఇంకొకరికి పెట్టి, ఊరంతా తిరిగి మళ్ళీ మన ఇంటికే వచ్చే రవికెగుడ్డలు. ఏనాడూ సూది ఎరుగని ఆ ముక్కలకు ఇది మోక్షం.

మిగిలిన వస్తువులను క్లుప్తంగా చెపుతాను. చీర అంచును రెండంగుళాల వెడల్పున, ఏడంగుళాల పొడవున కోసి కొసలు మడిచి కుడితే పుస్తకంలో పెట్టుకొనే పుటగుర్తు అవుతుంది. నేత అంచు వైపు పోగు ఊడదు గనుక అక్కడ కుట్టు అక్కరలేదు. మూరన్నర చదరపు గుడ్డకు నాలుగు అంచులూ మడిచి కుడితే కానుకను చుట్టి ఇచ్చే రుమాలు. జపానువారు ఇట్లాంటి చదరపుగుడ్డను ఫురోషికి అంటారు, దానిలో కానుకలు చుట్టి ఇస్తారు. మన పొలానికి వెళ్ళే సద్దిమూట కూడా అదే కదా. మనం దానికి ముడి వేయడం మరచిపోలేదు, గౌరవం ఇవ్వడం మరచిపోయినాము. చివికిన పేలికలను గట్టిగా మెలిపెట్టి చుట్టగా చుట్టి, చుట్టు చుట్టుకూ కుట్టు వేస్తే వేడి గిన్నెలు దించుకొనే కుదురు. నీళ్ళబిందె క్రింద నెత్తిన పెట్టుకొనే చుట్టబట్ట తమ్ముడే అది.

బొంతను గురించి కొంచెం ఆగి చెప్పాలి. కొత్తగా కాన్పు అయిన ఇంటికి తీసుకొని వెళ్ళడానికి పాత నూలుచీరల బొంతకు మించిన కానుక లేదు. ఎన్నో ఉతుకులు తిన్న గుడ్డ మెత్తదనం కొత్తగుడ్డకు ఎక్కడినుంచి వస్తుంది? వంగదేశంలో కాంథా, కర్ణాటకలో కౌది, సింధులో రల్లీ అని పేర్లు మారుతవి కాని, పాతగుడ్డల పొరలమీద పరుగుకుట్టు వేసే పని అంతటా ఒకటే. గజం చదరపు గుడ్డలు నాలుగైదు పొరలుగా పరచి, ముందు పెద్ద పెద్ద తాత్కాలికపు కుట్లతో పొరలు జరుగకుండా పట్టించి, అప్పుడు అంచునుంచి లోపలికి చుట్టూ పరుగుకుట్టు వేసుకొంటూ రావాలి. వరుసకు వరుసకు అంగుళం మించితే ఉతికినప్పుడు పొరలు ముద్ద కడతవి. పసిపాప వస్తువుకు బొత్తాలు, పూసలు, అద్దాలు, గవ్వలు ఏవీ కుట్టరాదు. లంబాడీ తండాల ఆడవారి అద్దపు కుట్టు కన్నులపండువుగా ఉంటుంది. దానిని పెద్దవారి సంచికి వేయండి. ఊడిన పూస పాప నోటిలోకి పోవడానికి ఒక్క నిమిషం చాలు. ఇంట్లో ఏదైనా అంటురోగం వచ్చినప్పుడు వాడిన గుడ్డలను కూడా బొంతకు తీసుకొనవద్దు. మిగిలినవాటిని మరుగుతున్న నీళ్ళలో వేసి ఉతికి, ఎండలో ఆరవేసిన తరువాతనే కుట్టండి.

ఈ పని కొందరికి కాలక్షేపం, కొందరికి నాలుగు రూపాయల ఆధారం. రెండవవారితో ఒక మాట. మహిళాసంఘాలలోను, ఇళ్ళలోను సంచులు కుట్టి అమ్మేవారు చాలామంది గుడ్డ ఖర్చు, దారం ఖర్చు లెక్కవేస్తారు కాని తమ పొద్దును లెక్కవేయరు. ఒక సంచికి గుడ్డ, నాడా, దారం కలిసి అరవై రూపాయలు అయినవనుకొందాము. చేతితో కుట్టడానికి రెండున్నర గంటలు పట్టినదనుకొందాము. దానిని నూరు రూపాయలకు అమ్మితే మిగిలినది నలభై. గంటకు పదహారు రూపాయలు. అది లాభమని సంతోషించవచ్చునా? మగ్గంమీది మనిషి చేసిన పొరపాటునే మనమూ చేస్తున్నామన్నమాట. తొందరపడి ధర చెప్పకుండా, గంటకు ఇంత అని ముందు నిర్ణయించుకొని, దానిమీద గుడ్డధర వేయండి. ఆ ధరకు పోదంటే చిన్న వస్తువు కుట్టండి కాని చేతిని చవకచేయవద్దు.

గుడ్డ కొని కుట్టేవారు అచ్చు వేసిన నకలు గొల్లభామను కొనకుండా ఉంటే నేతవారికి అదే పెద్ద మేలు. నకలును పట్టడం తేలిక. గుడ్డను త్రిప్పి చూడండి. అచ్చు అయితే వెనుక రంగు వెలసినట్టు పలుచగా ఉంటుంది. నేత అయితే వెనుకవైపు కూడా బొమ్మ పోగులు చేతికి తగులుతవి, మలుపు తిరిగిన చోట్లు కనిపిస్తవి. 2006 నుంచి చేనేతకు ప్రత్యేకమైన గుర్తు కూడా ఉన్నది. చీటీమీద అది ఉన్నదేమో చూడండి. బొమ్మ ఉన్న గుడ్డ ప్రియమనిపిస్తే సంచికి ముందువైపు ఒక్కదానికి మాత్రం బొమ్మముక్క వాడి, వెనుకకు సాదా నేతగుడ్డ వేయవచ్చు. ఖర్చు తగ్గుతుంది, అందమూ తగ్గదు.

బతుకమ్మకు సంచులు కావలసినవారు పండుగ వారంలో మొదలుపెడితే కాదు. ఎంగిలిపూల బతుకమ్మ భాద్రపద అమావాస్యనాడు. ఇరవై సంచులకు యాభై గంటలు. రోజుకు అరగంట చొప్పున నూరు రోజులు. అనగా జ్యేష్ఠ బహుళంలోనే గుడ్డ నానవేయాలి. ఆషాఢానికి కూతురు పుట్టింటికి వస్తుంది గనుక, రెండవ సూది కూడా తీసి పెట్టుకొనండి.