పటము ఎవరిది?



కుమ్మరి తన కుండలను అంగడిముంగిట పేర్చి చూపును. నేతగాడు చీరను మడత విప్పి చూపును. అట్లే ఫొటోగ్రాఫరు తాను తీసిన పటములను చూపక బేరమెట్లు సంపాదించును? ఇంతవరకు న్యాయమే. కాని కుండకు సిగ్గు లేదు, పటములోని మనిషికి కలదు. చిక్కెల్ల ఇచ్చటనే యున్నది.

మన గోపాలపట్నమునకు దాపుననే సింహాచలక్షేత్రము. అప్పన్న సన్నిధిని పెండ్లియాడు వధూవరులు పెక్కుమంది. ఆ నాడు తీసిన పటము కుటుంబముకొరకు తీసినది. అదియే అంగడి అద్దముల వెనుకనో, బాటప్రక్క పలకమీదనో, చేతిఫోనులలో ఊరూర తిరుగు ప్రకటనలయందో కనబడినచో, అడిగి వేసిరా, అడుగక వేసిరా యని విచారింపవలసియున్నది.

ఈ తగవు నేటిది కాదు. 1888లో ఇంగ్లండున నొక స్త్రీ సొమ్మిచ్చి పటము తీయించుకొనెను. ఫొటోగ్రాఫరు ఆ పటముతో క్రిస్మసు కార్డు చేసి అంగడి కిటికీలో నుంచెను. వ్యవహారము న్యాయస్థానమున కెక్కెను. ఒప్పందము ఆమెకు పటములు చేసి యిచ్చుటకే గాని ఆమె రూపమును వేరుపనికి వాడుకొనుటకు గాదని న్యాయమూర్తి నార్తు తీర్పుచెప్పి, దానిని నిషేధించెను.

మన హైదరాబాదున రాజా దీనదయాళు 1892లో ఘోషాస్త్రీలకై ప్రత్యేకముగా నొక స్టూడియో నెలకొల్పి, ఆంగ్లవనిత యొకతె పర్యవేక్షణమున పటములు తీయించెను. పటము తీయించుకొనువారి మర్యాదను కాపాడుటయు వ్యాపారమునకు మేలే యని దీనివలన తెలియుచున్నది.

ఇక మన చట్టము. 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టములోని 17వ సెక్షను ప్రకారము, ప్రతిఫలమిచ్చి తీయించుకొన్న పటమునకు, వేరు ఒప్పందము లేనిచో, తీయించుకొన్నవారే మొదటి హక్కుదారులు, తీసినవాడు కాడు. అయితే ‘వేరు ఒప్పందము లేనిచో’ అను మాటను మరువరాదు. బయానా యిచ్చునాడు మీ ముందుంచు కాగితమున, పటములను ప్రకటనలకు వాడుకొనవచ్చునను పంక్తి యొకటి యుండవచ్చును. చదివిన పిమ్మటనే చేవ్రాలు చేయుడు. ఇష్టము లేనిచో ఆ పంక్తిని కొట్టివేయింపుడు.

పెద్దలకు మరియొక మనవి. సొమ్మిచ్చి తీయించినవాడు తండ్రి గనుక చట్టము హక్కును తండ్రికే యీయవచ్చును. కాని పటములోని ముఖము పిల్లది. 2017లో సుప్రీంకోర్టున తొమ్మండుగురు న్యాయమూర్తులు వ్యక్తిగత గోప్యత ప్రాథమికహక్కే యని నిర్ణయించిరి. ఆ హక్కు ఆ పిల్లకును గలదు. కావున ఫొటోగ్రాఫరు మిమ్ము నడిగినప్పుడు, మీరు సరే యనుటకు ముందు ఆమె నడుగుడు. ఆమె వలదన్నచో వలదనియే చెప్పుడు.

ఫొటోగ్రాఫరు జీవనమునకు అడ్డుపడుట మన యభిమతము గాదు. అడిగినచో సంతోషముతో ఒప్పుకొనువారు పెక్కుమంది గలరు. వారి పటములతో ఆతని అంగడి చక్కగా శోభిల్లును. అడుగుటకు పట్టునది నిమిషము. అడుగనిచో పోవునది ఒక యింటి మనశ్శాంతి.

సెలవు.