పక్షవాతం తర్వాత ఆ ఏడాది
(ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్య సదస్సులో మాట్లాడటానికి నేనెవర్నని మీకు సందేహం రావచ్చు. నేను డాక్టర్ని కాను. ఇంజనీరింగ్ చదివి, ఇరవై ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్ పని చేసుకుంటున్నవాణ్ణి. మా పెదనాన్నగారికి పక్షవాతం వచ్చాక ఆ జబ్బు గురించి దొరికినదల్లా చదవడం మొదలుపెట్టాను. అందులో మన ఇళ్ళకు పనికొచ్చే సంగతి ఒకటుంది. అది చెప్పి ముగిస్తాను. మందుల విషయం మాత్రం మీ డాక్టరుగారినే అడగండి.

బ్రెయిన్ స్ట్రోక్ అంటే మెదడుకు వెళ్ళే రక్తనాళం మూసుకుపోవడమో, చిట్లడమో. శరీరం బరువులో మెదడు వాటా సుమారు రెండు శాతమే అయినా, మనం పీల్చే ప్రాణవాయువులో ఇరవై శాతం దానికే కావాలి. అది అందకపోతే ఎంత నష్టమో అమెరికాలోని జెఫ్రీ సేవర్ అనే న్యూరాలజిస్టు 2006లో లెక్కగట్టారు. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు పోతాయట.

అందుకే మూతి వంకర పోయినా, చెయ్యి ఎత్తితే జారిపోతున్నా, మాట తడబడినా ఇక్కడ 911కి, మన ఊళ్ళో అయితే 108కి వెంటనే ఫోన్ చెయ్యాలి. నాళం మూసుకుందో చిట్లిందో స్కాన్ తీస్తేగాని తెలియదు కనక ఇంట్లో ఆస్పిరిన్ మింగించకూడదు. గడ్డను కరిగించే మందుకు 1996లో అమెరికాలో అనుమతి వచ్చింది. సన్నని గొట్టం పంపి గడ్డను బయటికి లాగే పద్ధతి మేలు చేస్తుందని 2015లో వరసగా వచ్చిన పరీక్షలు తేల్చాయి.

ఇదంతా మొదటి గంటల సంగతి. మనలో చాలామందికి ఇంతవరకూ తెలుసు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక మెదడు లోపల ఏం జరుగుతుందన్నది మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. నేను చెప్పదలచుకున్నది దాని గురించే.

మోకాలికి దెబ్బ తగిలితే ఎర్రబడి, వేడెక్కి, వాస్తుంది. దీన్నే ఇన్‌ఫ్లమేషన్ అంటారు. మెదడులోనూ ఇదే జరుగుతుంది. అక్కడ కాపలా ఉండే మైక్రోగ్లియా అనే కణాలు మేలుకుంటాయి. రక్తంలోంచి తెల్లకణాలు వచ్చి చేరతాయి. చచ్చిన కణాలను ఎత్తిపోసేవి ఇవే. ఆ ఊపులో పక్కనున్న మంచి కణాలను దెబ్బతీసేవీ ఇవే.

అయితే ఈ వాపును ఆపేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. శాస్త్రవేత్తలకూ అలాగే అనిపించింది. తెల్లకణాలు మెదడులోకి దూరకుండా అడ్డుకునే ఎన్లిమోమాబ్ అనే మందును 625 మంది రోగుల మీద పరీక్షించారు. 2001లో ఫలితాలు అచ్చయ్యాయి. మందు తీసుకున్నవాళ్ళ పరిస్థితి తీసుకోనివాళ్ళ కంటే అధ్వాన్నంగా తేలింది, చనిపోయినవాళ్ళూ అందులోనే ఎక్కువ.

వాపును ఆపడం అంత తేలిక కాకపోవడానికి ఒక కారణం బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో ఎంగ్ లో అనే నాడీశాస్త్రవేత్త బృందం పనిలో కనిపిస్తుంది. ఎం.ఎం.పి.-9 అనే ఎంజైము స్ట్రోక్ వచ్చిన తొలి గంటల్లో రక్తనాళాల గోడలను తినేస్తుంది. అప్పుడు దాన్ని ఆపితే జంతువుల్లో నష్టం తగ్గింది. కానీ వారం గడిచాక ఆపితే కొత్త రక్తనాళాల అల్లిక కుంటుపడి, కోలుకోవడం దెబ్బతిన్నదని ఆ బృందం 2006లో ప్రకటించింది. తుఫాను మర్నాడు కూలిన గోడను పడగొట్టేది గునపమే, ఆ తర్వాత కొత్త ఇంటికి పునాది తవ్వేదీ గునపమే. దాన్ని ఎప్పుడు లాక్కోవాలో తెలియాలి.

ఇక స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి చెందిన మేరియన్ బక్‌వాల్టర్ గారి పరిశోధన. ఆమె రోగులను చూసే న్యూరాలజిస్టు, నాడీశాస్త్రవేత్త కూడా. స్ట్రోక్ నుంచి తేరుకున్నవాళ్ళలో కొందరికి నెలల తర్వాత జ్ఞాపకశక్తి ఎందుకు తగ్గుతుందన్నది ఆమె పట్టుకున్న ప్రశ్న. 2015లో ఆమె బృందం ఎలుకల మీద చేసిన పనిని ప్రకటించింది. స్ట్రోక్ వచ్చిన వారానికి ఆ ఎలుకలకు మతిమరుపు లేదు. ఏడు వారాలకు వచ్చింది. ఈలోగా దెబ్బతిన్న చోట, యాంటీబాడీలు తయారుచేసే బీ కణాలు వచ్చి పోగయ్యాయి. ఆ కణాలు లేని ఎలుకలకు మతిమరుపు రాలేదు. స్ట్రోక్ తర్వాత మందుతో ఆ కణాలను తీసేసినా రాలేదు. స్ట్రోక్, డిమెన్షియా రెండూ ఉండి చనిపోయిన కొందరి మెదడులోనూ ఈ కణాలు ఎక్కువగా కనిపించాయి.

ఆ తర్వాత 2019లో 24 మంది రోగుల రక్తాన్ని ఆమె బృందం ఏడాది పొడుగునా పరిశీలించింది. రోగనిరోధక వ్యవస్థలో వచ్చిన మార్పులు తొంభయ్యో రోజున కూడా కనిపిస్తూనే ఉన్నాయి, ఏడాదికి మాత్రం స్ట్రోక్ రానివాళ్ళతో పోలిస్తే తేడా కనబడలేదు. రెండో రోజు రక్తంలో కనిపించిన సంకేతాలకూ, మూడో నెలకూ పన్నెండో నెలకూ మధ్య ఆలోచనా శక్తి పరీక్షలో మార్కులు మారిన తీరుకూ సంబంధం కనబడింది.

అలాగని బీ కణాలను విలన్లుగా చూడలేం. అవి మెదడులోని వేరే భాగాలకు చేరి కొత్త నాడీకణాలు పుట్టడానికి తోడ్పడుతున్నాయని ఆన్ స్టో బృందం 2020లో ఎలుకల్లోనే చూపించింది. మంచీ చెడూ రెండూ చోటును బట్టీ, వేళను బట్టీ ఉన్నాయి. కనక ఎవరో చెప్పారని వాపు తగ్గించే మాత్రలు సొంతంగా వాడి మెదడును బాగుచేసుకోవచ్చని అనుకోకండి.

ఇందులోంచి మనం గ్రహించవలసింది ఏమిటి? పక్షవాతం ఒక రోజుతో అయిపోయే సంఘటన కాదు. చాలా నెలల పాటు లోపల కూల్చడం, కట్టడం నడుస్తూనే ఉంటాయి. మన ఇళ్ళల్లో సరిగ్గా ఆ నెలలనే వదిలేస్తున్నాం. పెద్దాయన ఇంటికి రాగానే మంచం మీద పడుకోబెట్టి, కుడిచెయ్యి కదలడం లేదని అన్నం కలిపి నోట్లో పెడతాం. అది ప్రేమే. కానీ కదిలించని చెయ్యి నేర్చుకోదు. ఇంకొందరు పసరు మందులకూ, పావురం రక్తంతో మర్దనకూ ఊళ్ళు తిరుగుతారు. ఈలోగా మంచి కాలం కరిగిపోతుంది.

ఆ కాలం విలువ ఎంతో 2021లో వాషింగ్టన్ డీసీ నుంచి వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. 72 మంది రోగులను విభాగాలు చేసి, కొందరికి మామూలు చికిత్సకు అదనంగా ఇరవై గంటలు చేతి వ్యాయామం చేయించారు. కొందరికి మొదటి నెలలో, కొందరికి రెండు మూడు నెలలప్పుడు, కొందరికి ఆరు నెలలు దాటాక. అన్నిటికంటే ఎక్కువ మేలు రెండు మూడు నెలలప్పుడు చేయించినవాళ్ళకు కలిగింది. మొదటి నెలవాళ్ళకూ కొంత ఫలితం ఉంది. ఆరు నెలలు దాటాక మొదలుపెట్టినవాళ్ళలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంత మాత్రాన ఆరు నెలలు దాటినవాళ్ళు ఆశ వదులుకోవాలని కాదు. ఉన్న అవకాశాన్ని ముందే వాడుకోవాలని మాత్రం అర్థం.

మా పెదనాన్నగారు మూడో నెలకు చేతికర్రతో నడిచారు. అందరం సంతోషించాం. ఏడాది తిరిగేసరికి పొద్దున చెప్పిన మాట సాయంత్రానికి మరిచిపోయేవారు. "వయసు మీద పడిందిలే" అన్నారు ఇంట్లోవాళ్ళు. వయసే కావచ్చు. కాకపోనూ వచ్చు. డాక్టరుగారు చూసి చెప్పవలసిన విషయం అది.

మనం సముద్రాలకు ఇవతల ఉన్నాం. అమ్మానాన్నలు అక్కడున్నారు. ఆ వార్త వినగానే టిక్కెట్టు కొనుక్కుని పరుగెత్తి, రెండు వారాలుండి, డిశ్చార్జి చేయించి తిరిగొస్తాం. అసలు పని అప్పుడే మొదలవుతుంది. కనక వచ్చేముందే ఫిజియోథెరపీ కుదర్చండి. మాట పోయినవాళ్ళకు స్పీచ్ థెరపీ కుదర్చండి. సెలవంతా ఆసుపత్రి రోజులకే ఖర్చు పెట్టకుండా, రెండో నెలకో మూడో నెలకో కొంత దాచుకోండి. బీపీ, షుగరు మందులు ఆగకుండా చూసే మనిషిని పెట్టండి. ఆదివారం ఫోన్లో "బాగున్నావా నాన్నా?" అని అడిగితే "బాగానే ఉన్నానురా" అనే అంటారు. అందుకని "పొద్దున ఏం తిన్నావు? నిన్న ఎవరొచ్చారు?" అని అడగండి. జవాబు తడబడుతుంటే రాసుకోండి. మూడో నెలలో, ఆరో నెలలో, ఏడాదికి న్యూరాలజిస్టుకు చూపించి, జ్ఞాపకశక్తి పరీక్ష కూడా చెయ్యమని మీరే అడగండి.

శాస్త్రవేత్తలు ఆ కణాల లెక్క తేల్చే పనిలో ఉన్నారు. ఈలోగా ఆ నెలలను కనిపెట్టుకుని ఉండటం మన చేతుల్లో పని.